కౌగర్ల్ బొమ్మలన్నీ కట్టుకథలేనా?

"కౌగర్ల్ అనేది సినిమావాళ్లు, క్యాలెండర్లవాళ్లు కలిసి పుట్టించిన వేషం. రాంచ్‌లో, అంటే పశువులు పెంచే పెద్ద క్షేత్రంలో, పశువుల పని చేసింది మగాళ్లే. ఫోటోల్లో, పెయింటింగుల్లో కనిపించేది టోపీ పెట్టుకున్న మోడళ్లు. ఇక కౌగర్ల్స్ చేసే చారిటీ అంటారా, అది పబ్లిసిటీ కోసం." కొంచెం అటూ ఇటూగా ఈ నాలుగు ముక్కలే మళ్లీ మళ్లీ షేర్ అవుతున్నాయి. మనవాళ్లకి ఈ మాట చటుక్కున ఎక్కుతుంది కూడా, ఎందుకంటే 1971లో కృష్ణ టోపీ పెట్టి గుర్రమెక్కిన దగ్గర్నుంచి మనకి కౌబాయ్ అంటే సినిమానే. అది మనం చూసిన తీరు, అమెరికాలో జరిగింది వేరు.

పని మగాళ్లదే అన్న మాట ముందు చూద్దాం. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 21 ఏళ్లు నిండిన పెళ్లికాని ఆడవాళ్లు, భర్త పోయినవాళ్లు కూడా తమ పేరు మీద 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అలా భూమి తీసుకున్నావిడ దాని మీద పని ఎవరితో చేయించాలి? తనే చేసుకోవాలి. ఇక కుటుంబం నడిపే రాంచ్ అయితే లెక్క ఇంకా తేలిక: జీతగాడికి డబ్బులివ్వాలి, కూతురికి అక్కర్లేదు. ఆడపిల్లలు గుర్రాల్ని లొంగదీయడం, మందని తోలడం, దూడలకి ముద్రలు వేయడం నేర్చుకున్నది ఎవరో హక్కులిచ్చి కాదు, ఇంట్లో చేతులు చాలక.

ఫానీ స్పెర్రీ స్టీల్ అలాంటి పిల్లే. 1887లో మోంటానాలోని హెలెనా దగ్గర రాంచ్‌లో పుట్టింది. 1912లో కెనడాలో కాల్గరీ స్టాంపీడ్ అనే రోడియో (గుర్రపుస్వారీ, పశువుల్ని పట్టడం లాంటి పోటీల సంబరం) మొట్టమొదటిసారి జరిగినప్పుడు ఎగిరి తన్నే గుర్రాల మీద స్వారీలో ఆడవాళ్ల ప్రపంచ చాంపియన్ అయింది. అప్పట్లో చాలామంది ఆడ రైడర్లు రెండు రికాబుల్నీ (జీనుకి వేలాడే, కాలు పెట్టుకునే కడియాలు) గుర్రం పొట్ట కింద నుంచి తాడుతో కలిపి కట్టించుకునేవాళ్లు. ఫానీ అలా కట్టకుండానే, మగవాళ్లలాగే ఎక్కేది. కడితే కూర్చోవడం సులువే, కానీ పడేటప్పుడు కాలు ఊడిరాదు.

ఆ తాడు సంగతి ఎందుకు చెప్పానంటే, ఫోటోల్లో ఉన్నది మోడళ్లే అనే ముక్కకి జవాబు అక్కడే ఉంది. 1915లో ఒరెగాన్‌లోని పెండిల్టన్ రౌండప్ అనే రోడియోలో సిల్వర్ అనే గుర్రం బానీ మెక్‌కారల్ అనే రైడర్‌ని ఎత్తి పారేస్తుంటే బోమన్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటో ఉంది, రోడియో ఫోటోల్లో దానంత పేరు తెచ్చుకున్నవి చాలా తక్కువ. అలా తలకిందులుగా ఏ మోడల్ పోజిస్తుంది? ఇడాహోలో పశువుల రాంచ్‌లో పుట్టిన మనిషి ఆమె. 1929లో అదే పెండిల్టన్‌లో, కట్టిన రికాబుల్లోంచి కాలు బయటికి రాక గుర్రం ఈడ్చుకుపోతే, కొద్దిరోజులకి ఆ దెబ్బలతోనే చనిపోయింది. దాంతో పెండిల్టన్ ఆడవాళ్ల బ్రాంక్ రైడింగ్‌ని, అంటే ఎగిరి తన్నే గుర్రాల స్వారీ పోటీని, ఎత్తేసింది, మిగతా పెద్ద రోడియోలూ మెల్లగా అదే దారి పట్టాయి. మగ రైడర్లూ చచ్చిపోయారు, వాళ్ల పోటీని మాత్రం ఎవరూ ఎత్తేయలేదు. అంటే రోడియోలో ఆడవాళ్లు కనిపించకపోవడానికి కారణం వాళ్లు లేకపోవడం కాదు, బయటికి పంపేయడం. 1948లో టెక్సస్‌లోని శాన్ ఆంజెలోలో 38 మంది ఆడవాళ్లు కూడి సొంత రోడియో సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది అందుకే.

సరే, బొమ్మలు తీసినవాళ్లెవరు? ఎవెలిన్ కామెరన్ ఇంగ్లండ్‌లో డబ్బున్న ఇంటి పిల్ల, మోంటానాలో టెర్రీ అనే ఊరి దగ్గర రాంచ్ పెట్టుకుని 1894లో కెమెరా పట్టింది. కాళ్లు రెండువైపులా వేసి స్వారీ చేయడానికి వీలుగా చీలిక స్కర్టు వేసుకుని మైల్స్ సిటీ వీధుల్లోకి వెళ్తే, ఇలా తిరిగితే అరెస్ట్ చేస్తారని హెచ్చరించారట! పొరుగు రాంచ్‌లో బక్లీ అక్కచెల్లెళ్లు ముగ్గురూ గుర్రాల మీద మందని చూసుకుంటుంటే ఫోటోలు తీసింది ఈవిడే. ఆవిడ 1928లో పోయాక గాజు నెగటివ్‌లు స్నేహితురాలి ఇంటి నేలమాళిగలో 1970ల చివరిదాకా పడి ఉన్నాయి. పబ్లిసిటీ కోసం తీసినవాళ్లు నేలమాళిగలో దాచుకుంటారా?

బార్బరా వాన్ క్లీవ్ అయితే స్వయంగా రాంచ్ బిడ్డ. 1935లో పుట్టింది, మోంటానాలో మెల్విల్ దగ్గర పెరిగింది. చికాగోలో ఏళ్లతరబడి కాలేజీలో పాఠాలు చెప్పినా రాంచ్‌ని వదల్లేదు, గుర్రం మీద కూర్చునే రాంచ్ ఆడవాళ్ల ఫోటోలు తీసింది. టెక్సస్ చిత్రకారిణి డానా హావెల్ సికిల్స్ కథ కొంచెం తిరకాసు, ఫార్వర్డ్‌గాళ్లకి పనికొచ్చేది కూడా: ఆమె కౌగర్ల్ బొమ్మలకి మొదటి స్ఫూర్తి ఒక పాత పోస్ట్‌కార్డ్ మీది అలంకార కౌగర్లే. కానీ ఉత్తర టెక్సస్‌లో పొలం, పశువుల మధ్య పెరిగిన మనిషి కాబట్టి ఆ కాగితం బొమ్మకి తను చూసిన ఆడవాళ్ల చేతులూ, నవ్వూ, మొండితనమూ పెట్టింది. ఆవిడ గీసిన బొమ్మల్లో బొగ్గు గీతలు కావాలనే కనిపిస్తుంటాయి, గ్లామర్ క్యాలెండర్ పక్కన పెడితే తేడా చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఫార్వర్డ్‌లో ఆనీ ఓక్లీని ఉదాహరణగా చూపిస్తారు, ఆమె ఒహాయో అమ్మాయి, రాంచ్‌లో పెరగలేదు, నిజమే. వేటాడి ఇల్లు గడిపిన షూటర్, తర్వాత షోలో స్టార్. ఒకామె రాంచ్ పిల్ల కాకపోతే మిగతా అందరూ కారని ఎలా తేలుతుంది?

ఇక చారిటీ. సాండ్రా డే ఓకానర్ పేరు విన్నారు కదా, 1981లో అమెరికా సుప్రీంకోర్టుకి మొదటి మహిళా జడ్జి. అరిజోనా, న్యూ మెక్సికో సరిహద్దులో లేజీ బీ అనే రాంచ్‌లో పెరిగారు. ఆవిడకి ఏడేళ్లు వచ్చేదాకా ఇంట్లో కరెంటు లేదు. పదిహేనేళ్లప్పుడు మంద దగ్గరున్న వాళ్లకి మధ్యాహ్న భోజనం ట్రక్కులో తీసుకెళ్తుంటే టైర్ పంక్చరైంది, బోల్టులు ఊడిరాక తంటాలు పడి ఒక్కతే మార్చుకుని వెళ్తే నాన్న మెచ్చుకోలేదు సరికదా, ఇంకా ముందే బయల్దేరాల్సింది అన్నాడు. ఆవిడ బొమ్మ కూడా మామూలుగా వేయలేదు, 2006లో 25 మంది చిత్రకారులు చుట్టూ చేరి ఒకేసారి గీస్తే, మరుసటేడు వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో పెట్టారు. భర్తకి అల్జీమర్స్ వచ్చిందని 2006లో కోర్టు వదిలేశారు, 2008లో సెనెట్ కమిటీ ముందు కూర్చుని ఆ జబ్బు ఇంటిల్లిపాదినీ ఏం చేస్తుందో చెప్పారు. 2009లో పిల్లలకి పౌరశాస్త్రం ఆటల రూపంలో నేర్పే సంస్థ మొదలుపెట్టారు, అదే ఇప్పటి ఐసివిక్స్. 2018లో తనకీ మతిమరుపు జబ్బు మొదలైందని తనే ఉత్తరం రాసి పబ్లిక్ లైఫ్‌కి దూరమయ్యారు. ఇందులో పబ్లిసిటీ ఎక్కడుందో చూపించండి.

గులాబీ చొక్కాల సంగతి కూడా అడుగుతారు. 2004లో రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ టెర్రీ వీట్లీ, జీన్స్ కంపెనీ రాంగ్లర్ తరఫున ఒకాయన కలిసి ఆ జబ్బు మీద ప్రచారం కోసం లాస్ వెగాస్‌లో జరిగే రోడియో ఫైనల్స్‌లో కౌబాయ్‌ల చేత గులాబీ రంగు చొక్కాలు వేయించారు. కంపెనీ చొక్కాలు అమ్ముకుంది, కాదనను. కానీ ఆ ప్రచారం పద్ధతేంటంటే, ఏ ఊరి రోడియోలో పోగైన డబ్బు ఆ ఊళ్లోవాళ్ల చికిత్సకే ఖర్చు పెట్టుకోవచ్చు. చిన్న ఊళ్లల్లో అది చిన్న విషయం కాదు.

డల్లాస్ వైపు ఉన్న మనవాళ్లు చుట్టాలొస్తే ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌కి తీసుకెళ్లి లాంగ్‌హార్న్ పశువుల్ని చూపించి, టోపీతో ఫోటో దించి పంపేస్తారు కదా. అదే ఊళ్లో నేషనల్ కౌగర్ల్ మ్యూజియం ఉంది. 1975లో టెక్సస్‌లోనే హెర్ఫర్డ్ అనే ఊళ్లో లైబ్రరీ నేలమాళిగలో మొదలై 2002లో ఇక్కడ సొంత భవనంలోకి వచ్చింది, ఓకానర్ పేరు అదే ఏడాది అక్కడి గౌరవ జాబితాలో చేరింది. షోలు చేసినవాళ్ల మెరుపు బట్టలూ ఉన్నాయి, పశువుల్ని తోలినవాళ్ల గుర్రపు జీనులూ ఉన్నాయి. ఈసారి చుట్టాలొచ్చినప్పుడు అటు కూడా తిప్పండి, ఫార్వర్డ్ ఆ తర్వాత చేద్దురుగాని.