శిశుగృహంలో గడిచే నెలలు ఎవరి లెక్కలో ఉన్నాయి?

రుమేనియాలో 1989 డిసెంబరులో నియంత చౌషెస్కు పాలన కూలిపోయేనాటికి ప్రభుత్వ ఆశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలున్నారు. వాళ్లలో అనాథలు కొద్దిమందే. 1966 నాటి ప్రభుత్వ ఉత్తర్వు, డిక్రీ 770, గర్భస్రావాలను దాదాపుగా నిషేధించింది. ఆ తర్వాత, పుట్టిన పిల్లలను సాకలేని కుటుంబాలు వాళ్లను సర్కారుకు అప్పగిస్తూ వచ్చాయి. పసితనంలో ఆశ్రమవాసం మెదడును ఏం చేస్తుందో కచ్చితంగా కొలిచిన అధ్యయనం జరిగింది ఆ దేశంలోనే.

చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే పరిశోధకులు 2000లో బుకారెస్ట్‌లో ఆ పని మొదలుపెట్టారు. ఆరు ఆశ్రమాల నుంచి 6 నుంచి 31 నెలల వయసున్న 136 మందిని తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకు, అంటే దత్తత కాకుండా భృతి తీసుకుని బిడ్డను ఇంట్లో సాకే కుటుంబాలకు, పంపారు. లాటరీ ఎందుకంటే, మామూలుగా చురుగ్గా, ఆరోగ్యంగా కనిపించే బిడ్డలే ముందు కుటుంబాల్లోకి వెళ్తారు. అప్పుడు తేడా కుటుంబం వల్ల వచ్చిందో, బిడ్డ వల్ల వచ్చిందో తేలదు. మిగతా సగాన్ని ఆశ్రమంలోనే ఉంచాలన్న షరతేమీ లేదు. ఇల్లు దొరికితే వాళ్లూ వెళ్లవచ్చు.

మూడున్నరేళ్ల వయసులో బుద్ధి వికాసాన్ని పరీక్షిస్తే, పుట్టినప్పటి నుంచీ సొంత ఇంట్లో పెరిగిన పిల్లల సగటు స్కోరు 103. ఫోస్టర్ కుటుంబాలకు వెళ్లినవారిది 86. ఆశ్రమ బృందానిది 77. ఈ మూడింటికన్నా ముఖ్యమైనది 86 లోపల దాగి ఉంది. పద్దెనిమిది నెలలలోపు ఇల్లు చేరినవారి సగటు 94 దాకా ఉంటే, ముప్పై నెలలు దాటాక చేరినవారిది 80 దగ్గరే ఆగిపోయింది. అదే తరహా ఇళ్లు, అదే సాయం. ఆలస్యం ఖరీదు ఆ పద్నాలుగు పాయింట్లు. మాటల విషయంలోనూ ఇదే జరిగింది. పదిహేను నెలలలోపు వెళ్లినవారు తోటి పిల్లలను అందుకున్నారు, రెండేళ్లు దాటాక వెళ్లినవారు బాగా వెనకబడ్డారు.

తిండి చాలక ఇలా అయిందనుకుంటే సమస్య అర్థం కాదు. బుకారెస్ట్‌లో పన్నెండు, పదిహేను మంది పిల్లలకు ఒక ఆయా, అదీ షిఫ్టుకొకరు. బిడ్డ ఏడుస్తుంది, ఎవరూ రారు. మళ్లీ ఏడుస్తుంది. కొన్నాళ్లకు ఏడవడం మానేస్తుంది. తనిఖీకి వచ్చినవారు ‘ఎంత బుద్ధిగా ఉన్నారో’ అని మెచ్చుకునేది ఆ నిశ్శబ్దాన్నే. ఊ కొడితే ఊ కొట్టే మనిషి, చూపించిన వస్తువుకు పేరు చెప్పే మనిషి, అదీ రోజూ అదే మనిషి ఉంటేనే మాట, ధ్యాస, ఆలోచన ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. కొత్తవారు ఎవరొచ్చినా పరుగెత్తి వచ్చి ఒళ్లో కూర్చునే పిల్లలను చూసి మురిసిపోతాం. ఏడాదిన్నర బిడ్డకు కొత్తవారంటే బెరుకు ఉండాలి. అది లేకపోతే తనకంటూ ఒక మనిషి లేదేమోనని అనుమానించాలి.

ఇక మన సంగతి. పిల్లల సంరక్షణకు ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కొలమానం ప్రకారం పది మంది పసివాళ్లున్న దత్తత కేంద్రానికి, అంటే శిశుగృహానికి, ఆరుగురు ఆయాలు. మూడు షిఫ్టులకు పంచితే కాగితం మీద ఇద్దరేసి. వారాంతపు సెలవు ఒకరిది, జ్వరం వచ్చిన బిడ్డతో ఆసుపత్రికి వెళ్లేది ఇంకొకరు. అలాంటి రోజు పది మందికి ఒక్కరే మిగలొచ్చు. అప్పుడు పాలసీసాను దిండుకు ఆనించి పెడతారు. ఆయా మనసు మంచిది కాక కాదు, చేతులు రెండే కాబట్టి. పాలు పట్టడం, స్నానం, గుడ్డ మార్చడం: బిడ్డ కళ్లలోకి చూసి మాట్లాడేందుకు రోజులో దొరికే సమయం ఇదే. సీసాను ఆనించి పెట్టగానే అదీ పోతుంది.

ఖర్చు పెద్దగా పెరగకుండా శిశుగృహాలు వెంటనే చేయగలిగేవి ఉన్నాయి. ముగ్గురు నలుగురు బిడ్డలను ఒక ఆయాకు కేటాయించి, ఆమె షిఫ్టులో పాలూ స్నానమూ ఆమే చూసుకోవాలి. నడక వచ్చిందని ఒక గది నుంచి ఇంకో గదికి, ఇంకో ఆయాకు మార్చకూడదు. బరువు రాసే రిజిస్టరులోనే నెలనెలా ఎన్ని మాటలు వచ్చాయో, పేరు పిలిస్తే తిరుగుతున్నారో లేదో కూడా రాయాలి. ఇవి నష్టాన్ని తగ్గిస్తాయి. ఇంటికి బదులు కావు.

అసలు చిక్కు చట్టం గడియారంలో ఉంది. వదిలేసిన బిడ్డకు రెండేళ్లలోపు వయసుంటే రెండు నెలల్లో దత్తతకు అర్హతను తేల్చాలని జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. ఆ వయసుకు తగిన గడువే అది. కానీ తల్లి మానసిక అనారోగ్యంతోనో, తండ్రి జైల్లోనో ఉన్న బిడ్డ దత్తతకు వెళ్లలేదు, ఇంటికీ వెళ్లలేదు. మన ఫోస్టర్ కేర్ ప్రధానంగా ఆరేళ్లు దాటినవారి కోసం. చిన్నవాళ్లకు శాశ్వత కుటుంబమే ఇవ్వాలన్న ఉద్దేశం సరైనదే. దత్తతకు దారి లేని బిడ్డ విషయంలో మాత్రం ఆ నియమం పనిచేసేది తలకిందులుగా. కుటుంబం అత్యవసరమైన రెండేళ్లూ ఆశ్రమంలో గడిచిపోతాయి. మూడేళ్లలోపు పిల్లలను కుటుంబ వాతావరణంలోనే ఉంచాలని 2009లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు చెప్పాయి. రుమేనియా 2004 నాటి చట్టంతో, తీవ్ర వైకల్యం ఉన్నవారిని మినహాయించి, రెండేళ్లలోపు వారిని ఆశ్రమాల్లో చేర్చడాన్నే నిషేధించింది.

మనకూ మూడేళ్లలోపు వారికి ఫోస్టర్ కుటుంబాలు కావాలి. దానికన్నా ముందు అమ్మమ్మో, పిన్నో, మేనమామో సాకగలరేమో బాలల సంక్షేమ కమిటీ మొదటి వారంలోనే వెతికించాలి. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ సాయం, అంటే బిడ్డ పోషణకు నెలకు 4,000 రూపాయలు, అలాంటి ఇంటికి ఆలస్యం లేకుండా చేరాలి. బుకారెస్ట్‌లో 56 ఫోస్టర్ కుటుంబాలకు భృతితో పాటు తరచూ ఇంటికి వచ్చే, ఫోన్ చేస్తే పలికే సామాజిక కార్యకర్తలు ఉన్నారు. మన జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో ముందు భర్తీ చేయాల్సింది ఆ పోస్టులే.