లాభాపేక్ష లేని కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఏం చేశారని అడిగేవాళ్లకు

కొన్నాళ్లుగా ఒక మెసేజ్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతోంది. నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "కంప్యూటర్ శాస్త్రవేత్తలు లాభాపేక్ష లేని సంఘాలు పెట్టుకుని ప్రజల కోసం పరిశోధన చేస్తున్నామంటారు. వాటి నుంచి పనికొచ్చేది ఇంతవరకు ఒక్కటీ రాలేదు. పైగా కంపెనీల డబ్బుతోనే బతుకుతారు. కోడ్ వదిలేసి రాజకీయాలు మాట్లాడతారు. నిజంగా సేవే అయితే డబ్బులెందుకు అడుగుతారు? తప్పులు పట్టుకోవడానికి కంపెనీల్లోనే మనుషులున్నారు. ఈ సంఘాలు నాలుగు రోజులు హడావుడి చేసి మూతపడతాయి."

ఇందులో అక్కడక్కడా కొంచెం నిజం కలిసి ఉంది. అందుకే జనం నమ్ముతున్నారు. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలు కూడా దీన్ని షేర్ చేస్తుంటే నాకు బాధేసింది. రేపు ఈ పని అందుకోవాల్సింది వాళ్లే కదా. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతాను.

"పనికొచ్చేది ఒక్కటీ రాలేదు"

ఏదైనా వెబ్‌సైట్ తెరిస్తే అడ్రస్ మొదట్లో హెచ్‌టీటీపీఎస్ అని ఉంటుంది. మీరు టైప్ చేసే పాస్‌వర్డ్ దారిలో ఎవరి కంటా పడకుండా వెళ్తోందని దాని అర్థం. అలా వెళ్లాలంటే ఆ సైట్‌కి ఒక సర్టిఫికెట్ కావాలి. "ఈ పేరుగల సైట్ అసలుది ఇదే" అని మూడో మనిషి పూచీ పడటం లాంటిది అది.

2015కి ముందు ఆ సర్టిఫికెట్ తెచ్చుకోవడం పెద్ద ప్రహసనంగా ఉండేది. సాధారణంగా డబ్బు కట్టాలి, ఫారం నింపాలి, మెయిల్‌కి జవాబివ్వాలి, వచ్చిన ఫైల్‌ని సర్వర్‌లో, అంటే సైట్‌ని నడిపే కంప్యూటర్‌లో, సరైన చోట పెట్టాలి. గడువు తీరగానే మళ్లీ మొదటికి రావాలి. నేను చూసుకునే ఒక చిన్న సైట్‌కి ఒకసారి గడువు అర్ధరాత్రి తీరిపోయింది. పొద్దున లేచేసరికి తెరిచిన ప్రతివాళ్లకీ బ్రౌజర్ పేజీ నిండా హెచ్చరిక చూపిస్తోంది. ఆ టెన్షన్ పడలేక చాలామంది చిన్న సైట్లవాళ్లు సర్టిఫికెట్ జోలికే వెళ్లేవారు కాదు. వాళ్ల సైట్లలో జనం పాస్‌వర్డ్‌లు బాహాటంగా ప్రయాణించేవి.

దీన్ని మార్చింది ఇంటర్నెట్ సెక్యూరిటీ రీసెర్చ్ గ్రూప్ అనే లాభాపేక్ష లేని సంస్థ. 2013లో మొదలైంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా, ఇంటర్నెట్‌లో పౌరహక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవాళ్లు దీని వెనక ఉన్నారు. వాళ్లు తెచ్చిన సేవ పేరు లెట్స్ ఎన్‌క్రిప్ట్. మొదటి సర్టిఫికెట్ 2015 సెప్టెంబరులో ఇచ్చారు, డిసెంబరులో అందరికీ తెరిచారు. పైసా తీసుకోరు.

ఉచితంగా ఇవ్వడం కన్నా నాకు గొప్పగా అనిపించేది వాళ్లు ఆ పనిలోంచి మనిషిని తప్పించిన తీరు. మీ సర్వర్ వెళ్లి "ఈ పేరుకు సర్టిఫికెట్ కావాలి" అని అడుగుతుంది. "ఆ పేరు నీ చేతిలో ఉన్నట్టయితే ఈ అక్షరాల వరుసను నీ సైట్‌లో ఫలానా చోట పెట్టు" అని అటునుంచి జవాబొస్తుంది. సర్వర్ పెడుతుంది. వాళ్ల యంత్రం వచ్చి చూసుకుంటుంది, సర్టిఫికెట్ వచ్చేస్తుంది. అంతా సెకన్ల పని. గడువు 90 రోజులే పెట్టారు. దాంతో ఎవరైనా దీన్ని యంత్రానికి అప్పగించక తప్పదు, ఒకసారి అప్పగించాక మరిచిపోవచ్చు. ఈ సంభాషణ పద్ధతికి ఏక్మీ అని పేరు. 2019లో అది ఇంటర్నెట్ ప్రమాణంగా వెలువడింది. డబ్బు తీసుకుని సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల్లో కూడా చాలా ఇప్పుడు దాన్ని వాడుతున్నాయి.

2017 జూన్‌లో 11 మంది ఉద్యోగులతో, ఏడాదికి 26.1 లక్షల డాలర్ల ఖర్చుతో 4.6 కోట్ల సైట్లకు సేవ అందించారు. 2020 ఫిబ్రవరికి వంద కోట్ల సర్టిఫికెట్లు పూర్తయ్యాయి. అప్పటికి సైట్లు దాదాపు 19.2 కోట్లు, ఉద్యోగులు 13 మంది, ఖర్చు దాదాపు 33.5 లక్షల డాలర్లు. ఆ మధ్యకాలంలో ప్రపంచవ్యాప్తంగా హెచ్‌టీటీపీఎస్‌తో తెరుచుకునే పేజీల వాటా 58 శాతం నుంచి 81 శాతానికి పెరిగింది. ఈ పెరుగుదల అంతా వాళ్ల చలవే అనను. సర్టిఫికెట్ లేని సైట్లను "సురక్షితం కాదు" అని చూపించడం మొదలుపెట్టిన బ్రౌజర్లకూ ఇందులో భాగముంది. కానీ తేలిగ్గా, ఉచితంగా సర్టిఫికెట్ దొరికే దారి లేకుండా బ్రౌజర్లు ఆ హెచ్చరిక పెట్టి ఉంటే చిన్న సైట్లవాళ్లు ఏమైపోయేవారు?

"కంపెనీల డబ్బుతోనే బతుకుతారు"

నిజమే. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌కి మొదట్నుంచీ అండగా నిలిచినవాళ్లలో సిస్కో, అకమాయ్ లాంటి కంపెనీలున్నాయి. ఒక సంస్థ ఖర్చంతా ఒకే కంపెనీ భరిస్తుంటే నేనూ అనుమానిస్తాను. అయితే డబ్బు ఎవరిచ్చారన్న దగ్గరే ఆగిపోకూడదు. తప్పు జరిగిన రోజు వాళ్లు ఎలా నడుచుకున్నారో కూడా చూడాలి.

2020 ఫిబ్రవరి 29 సంగతి చెబుతాను. ఒక సైట్ పేరు (డొమైన్) సొంతదారు "నా పేరు మీద ఫలానా సంస్థ తప్ప ఇంకెవరూ సర్టిఫికెట్ ఇవ్వకూడదు" అని డొమైన్ రికార్డుల్లో రాసిపెట్టుకోవచ్చు. సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఆ రాతను చూసితీరాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం దూరింది. ఒకే అభ్యర్థనలో పది పేర్లుంటే, వాటిని మళ్లీ తనిఖీ చేయాల్సి వచ్చినప్పుడు పదింటినీ చూడకుండా ఒక పేరునే పదిసార్లు చూసేది. పదిమంది టికెట్లు చూడాల్సినవాడు ఒకడి టికెట్‌నే పదిసార్లు తిప్పి చూసినట్టన్నమాట. లెక్క సరిపోతుంది, తనిఖీ మాత్రం జరగదు.

ఆ రోజు అంతర్జాతీయ కాలమానం ప్రకారం తెల్లవారుజామున 3:08కి లోపం ఖాయమైంది. 3:10కి సర్టిఫికెట్లు ఇవ్వడమే ఆపేశారు. 5:22కి సరిచేసిన కోడ్ పెట్టారు. దెబ్బతిన్నవి 30,48,289 సర్టిఫికెట్లు, అంటే అప్పుడు వాడుకలో ఉన్నవాటిలో 2.6 శాతం. ఆ సంఖ్యను చివరి అంకె దాకా బయటపెట్టారు. లోపం ఏ రోజు కోడ్‌లో చేరిందో కూడా చెప్పారు: 2019 జులై 25. నిబంధన ప్రకారం అన్నింటినీ కొద్ది రోజుల్లోనే రద్దు చేయాలి. గడువుకల్లా 17 లక్షలకు పైగా తీసేశారు. మిగతావి ఒక్కసారిగా రద్దు చేస్తే ఎన్నో సైట్లు పనిచేయక జనం ఇబ్బంది పడతారని, అందుకే ఆగుతున్నామని బహిరంగంగానే రాశారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని వాదించుకోవచ్చు. వాదించుకోవడానికి కావలసిన వివరాలన్నీ మన చేతికిచ్చారు. డబ్బిచ్చిన కంపెనీల మొహమాటం అక్కడ నాకెక్కడా కనబడలేదు.

"కోడ్ వదిలేసి రాజకీయాలు మాట్లాడతారు"

నాకు అన్నింటికన్నా కోపం తెప్పించిన మాట ఇది.

1983 మార్చి 23న అమెరికా అధ్యక్షుడు రీగన్ దూసుకొచ్చే అణు క్షిపణులను అడ్డుకునే రక్షణ వ్యవస్థ కడదామని ప్రకటించారు. దాన్ని నడపాల్సింది కంప్యూటర్లు. అప్పటికే, 1981లో, జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో కొందరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు అణుయుద్ధంలో కంప్యూటర్ల పాత్ర గురించి తమలో తాము చర్చించుకుంటున్నారు. ఆ చర్చల నుంచి పుట్టిందే కంప్యూటర్ ప్రొఫెషనల్స్ ఫర్ సోషల్ రెస్పాన్సిబిలిటీ, పొట్టిగా సీపీఎస్ఆర్. 1983లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో లాభాపేక్ష లేని సంఘంగా నమోదైంది.

ఆ రక్షణ వ్యవస్థ కంప్యూటర్ల మీద సలహా ఇచ్చే సంఘంలోకి 1985లో సాఫ్ట్‌వేర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్‌ని పిలిచారు. రోజుకు 1,000 డాలర్ల ఫీజు. ఈయన సైన్యమంటే గిట్టని మనిషి కాదు. అమెరికా నౌకాదళం అప్పట్లో వాడిన ఏ-7 విమానం సాఫ్ట్‌వేర్ మీద ఏళ్ల తరబడి పనిచేసినవాడు. మొదటి సమావేశం అయ్యాక రాజీనామా చేశారు, కారణాలు చెబుతూ ఎనిమిది చిన్న వ్యాసాలు రాసిచ్చారు.

వాటిలో ఉన్నది ముమ్మాటికీ ఇంజినీరింగే. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏదైనా మొదటిరోజే సరిగ్గా నడవదు. వాడుతుంటే లోపాలు బయటపడతాయి, దిద్దుకుంటూ పోతే కొన్నాళ్లకు నమ్మకం కుదురుతుంది. ఈ వ్యవస్థకు మొదటి అసలైన పరీక్ష అణుయుద్ధమే. ఎదుటివాడు ఏ ఆయుధం, ఏ ఎత్తు వాడతాడో ముందుగా తెలియదు. యుద్ధం నిమిషాల్లో ముగిసిపోతుంది కాబట్టి మధ్యలో దిద్దుకునే వ్యవధి ఉండదు. కనుక ఇది పనిచేస్తుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. ఆయన చెప్పింది ఇదే. వంతెన మోయలేని బరువు గురించి ఇంజినీరు హెచ్చరిస్తే అది రాజకీయం అంటామా?

సీపీఎస్ఆర్ తన నార్బర్ట్ వీనర్ పురస్కారాన్ని మొట్టమొదట, 1987లో, పార్నస్‌కే ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ మీద ఎంతవరకు భరోసా పెట్టుకోవచ్చు అన్న ప్రశ్నను శాస్త్రవేత్తల గదుల్లోంచి మామూలు జనం దాకా తీసుకొచ్చింది ఆ సంఘం. రీగన్ చెప్పిన ఆ కవచం చెప్పిన రూపంలో ఎన్నడూ రాలేదు. దానికి ఖర్చు, ప్రచ్ఛన్న యుద్ధం ముగియడం లాంటి కారణాలు చాలా ఉన్నాయి.

ఇదే సంఘం ఇంకో పోరులోనూ ఉంది. 1990లో లోటస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ, జనం అప్పుల వివరాలు సేకరించే ఈక్విఫాక్స్ కంపెనీతో కలిసి, దాదాపు 12 కోట్ల మంది అమెరికన్ల పేర్లు, చిరునామాలు, ఆదాయం అంచనా, కొనుగోలు అలవాట్లు సీడీల్లో పెట్టి అమ్మబోయింది. తమ పేరు తీసేయమని దాదాపు 30,000 మంది అడిగారు. 1991 జనవరిలో, మార్కెట్లోకి రాకముందే, లోటస్ దాన్ని విరమించుకుంది.

"సేవే అయితే డబ్బులెందుకు అడుగుతారు?"

అడగకపోతే ఏమవుతుందో 2014 ఏప్రిల్‌లో చూశాం. ప్రపంచంలో ఎన్నో సర్వర్లు సమాచారాన్ని గుప్తంగా పంపడానికి ఆధారపడిన ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. సర్వర్ మెమరీలో ఉన్న రహస్యాలు అడిగినవాళ్ల చేతికి వెళ్లిపోయేవి. అంత బరువు మోస్తున్న ఆ ప్రాజెక్టుకు పూర్తికాలం పనిచేసేవాడు అప్పుడు ఒక్కడు. ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. అది చూశాకే పెద్ద కంపెనీలు కదిలి లైనక్స్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ద్వారా నిధులివ్వడం మొదలుపెట్టాయి. జీతాలు లేకుండా కాపలా కాయమంటే ఎవరికైనా ఎన్నాళ్లు కుదురుతుంది?

"తప్పులు పట్టడానికి కంపెనీల్లోనే మనుషులున్నారు"

ఉన్నారు, మంచివాళ్లున్నారు. హార్ట్‌బ్లీడ్‌ని కనిపెట్టినవాళ్లలో గూగుల్ ఇంజినీరు ఒకరు. కానీ కొన్ని తప్పులు బయటినుంచి చూస్తేనే కనబడతాయి.

జాయ్ బ్యులమ్‌వీని అనే కంప్యూటర్ శాస్త్రవేత్త అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నప్పుడు ముఖాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ ఆమె నల్లని ముఖాన్ని పట్టుకోలేదు. తెల్ల మాస్క్ పెట్టుకుంటే వెంటనే పట్టుకుంది. 2016లో ఆమె ఇలాంటి పక్షపాతాలను బయటపెట్టడానికి అల్గరిథమిక్ జస్టిస్ లీగ్ అనే సంస్థ స్థాపించారు. 2018లో మరో కంప్యూటర్ శాస్త్రవేత్త టిమ్నిట్ గెబ్రూతో కలిసి ఆరు దేశాల పార్లమెంటు సభ్యుల ఫొటోలు, మొత్తం 1,270 మందివి, తీసుకుని మూడు కంపెనీల వ్యవస్థలను పరీక్షించారు. ముఖం చూసి ఆడా మగా అని చెప్పడంలో తెల్లటి మగవాళ్ల విషయంలో పొరపాట్లు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్లటి ఆడవాళ్ల విషయంలో ఒక వ్యవస్థలో అవి 34.7 శాతానికి చేరాయి. ముగ్గురు నల్లటి ఆడవాళ్లలో ఒకరిని మగవాడనే యంత్రాన్ని అప్పటికే మార్కెట్లో పెట్టారు.

తర్వాత మళ్లీ పరీక్షిస్తే, పేరు బయటపడ్డ ఆ మూడు కంపెనీల పొరపాట్లు బాగా తగ్గాయి. బయటి కన్ను పడ్డాకే ఆ మార్పు వచ్చింది. ఒక్క మాట చెప్పాలి: 2018 నాటి పరిశోధన సమయంలో గెబ్రూ మైక్రోసాఫ్ట్‌లోనే ఉన్నారు, పరీక్షించిన మూడింట్లో మైక్రోసాఫ్ట్ కూడా ఒకటి. కాబట్టి కంపెనీలో ఉంటూ నిజం చెప్పడం కుదరదని నేననను. అదెప్పుడూ కుదురుతుందన్న పూచీ మాత్రం లేదు. తర్వాత ఆమె గూగుల్‌కి వెళ్లారు. మనిషిలా వాక్యాలు రాసే పెద్ద భాషా నమూనాల ప్రమాదాల మీద రాసిన పరిశోధనా పత్రం దగ్గర గొడవ వచ్చి 2020 డిసెంబరులో బయటకొచ్చారు. తీసేశారని ఆమె, రాజీనామా ఆమోదించామని కంపెనీ చెప్పారు. ఏడాదికి ఆమె డెయిర్ అనే స్వతంత్ర పరిశోధన సంస్థ పెట్టుకున్నారు.

"నాలుగు రోజులు హడావుడి చేసి మూతపడతాయి"

సీపీఎస్ఆర్ 2013లో మూతపడింది, దాచాల్సిందేమీ లేదు. 1983 నుంచి లెక్కేస్తే ముప్పై ఏళ్లు. అన్నాళ్లు బతకని కంప్యూటర్ కంపెనీలు ఎన్నో ఉన్నాయి. ఈలోపు అది మొదలుపెట్టినవి దాని చెయ్యి వదిలి సొంతంగా నడిచాయి. వ్యక్తిగత గోప్యత కోసం కోర్టులకు వెళ్లే ఎపిక్ సంస్థ 1994లో దీని నుంచే పుట్టింది. కంప్యూటర్లు, స్వేచ్ఛ, గోప్యతల మీద 1991లో మొదలైన వార్షిక సదస్సు వెనకా ఇదే ఉంది. వ్యవస్థను వాడబోయేవాళ్లను కూడా కూర్చోబెట్టుకుని దాన్ని రూపొందించాలనే ఆలోచనతో 1990లో ఇది నిర్వహించిన భాగస్వామ్య డిజైన్ సదస్సు, సంఘం పోయాక కూడా, రెండేళ్లకోసారి జరుగుతూనే ఉంది.