మహారాజశ్రీ విడి గ్లాసు గారికి

వంటింటి అరలో మిగతా సామానుకు జానెడు దూరంగా బోర్లించి ఉన్న తమరికి నమస్కారములు. ఉత్తరం మొదట్లో ఇక్కడందరూ క్షేమమని రాయడం ఆనవాయితీ. కానీ ఇంట్లో ఒకరికి టీబీ అని తేలి నెల దాటినా మిగతావాళ్ళెవరూ ఛాతీ ఎక్స్-రే తీయించుకోలేదు. కాబట్టి ఆ వాక్యం ప్రస్తుతానికి ఖాళీ.

తమరి పదవీ స్వీకారం మాత్రం ఘనంగా, అంతకుమించి వేగంగా జరిగింది. తెమడ రిపోర్టు ఉదయం వచ్చింది, రోగి ఎంగిలి వల్ల మిగతావాళ్ళకు అంటుతుందన్న భయంతో సాయంత్రానికి తమరి అడుగున గోళ్ళరంగు చుక్క పడింది. పెళ్ళిసామాను మీద పేర్లు చెక్కిస్తారు, తమరికి చుక్కే బిరుదు. తోడుగా ఒక కంచం, ఒక చెంబు, తోమడానికి వేరే పీచు. ఇంత పకడ్బందీ కాపలాలో ఒక్కటే లోపం: దొంగ ఈ గుమ్మం ముందు నుంచి అసలు రాడు.

క్షయ క్రిమి ప్రయాణం గాలిలో. ఊపిరితిత్తుల్లో జబ్బున్న మనిషి దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా తుంపరలు లేస్తాయి. వాటిలో తేమ ఆరిపోయి 1 నుంచి 5 మైక్రాన్ల రేణువులు మిగులుతాయి. అవి మూసిన గదిలో గంటల తరబడి తేలుతూ, పీల్చినవాడి ఊపిరితిత్తుల అట్టడుగు గాలి గదుల దాకా పోతాయి. తమరి అంచుకు అంటిన ఎంగిలికి ఆ దారి తెలియదు. కామెర్లకో విరేచనాలకో ఎంగిలి భయం కొంత పనికొస్తుంది. ఇక్కడ కంచం, గ్లాసు, దుప్పటి, కరచాలనం, వీటిలో దేనితోనూ అంటదు. మామూలు సబ్బు, నీళ్ళు చాలు.

తమరిని విడిగా పెట్టిన చేతులే రోగి గది కిటికీ బిగించాయి. దోమలొస్తాయని ఒక కారణం, దగ్గు పక్కింటికి వినపడుతుందని అసలు కారణం. ఎదురెదురుగా రెండు కిటికీలు తెరిచి ఉంటే గదిలో గాలి మారుతుంది, రేణువులు పలచబడతాయి, ఎండ పడితే క్రిములు చస్తాయి. ఏసీ వేసి తలుపులు మూస్తే పాత గాలే చల్లబడి మళ్ళీ తిరుగుతుంది. గ్లాసు వేరు, గాలి మాత్రం ఉమ్మడి. ఉమ్మడి కుటుంబం ఇంకా బతికే ఉందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

తమరు డ్యూటీలో చేరిన తేదీ కూడా తప్పే. రెండు వారాలు దాటిన దగ్గుంటే తెమడ పరీక్ష చేయించాలి. ఈ ఇంట్లో ఆ దగ్గుకు సిరప్పులు, అల్లం కషాయం, “వాతావరణం మారింది కదా” అన్న ఓదార్పు నడిచాయి. అంటుకునేదంతా దాదాపు ఆ రోజుల్లోనే అంటుకుంటుంది. సరైన మందులు పడ్డాక అంటించే శక్తి త్వరగా పడిపోతుంది, మందులకు లొంగే మామూలు టీబీకి రెండు వారాలు జాగ్రత్త లెక్క. అంటే తమరు దొంగతనం అయిపోయాక వచ్చి, దొంగ నీరసపడ్డాక కూడా కదలడం లేదు. ఆర్నెల్ల కోర్సు ముగిసి, డాక్టరు నయమైందని రాసిచ్చినా తమరికి రిటైర్మెంటు లేదు.

మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన ఒకటుంది, ఫలితాలు 1959లో అచ్చయ్యాయి. ఇరుకిళ్ళలో బతికే పేద రోగుల్లో సగంమందికి ఇంట్లోనే మందులిచ్చారు, సగంమందిని శానిటోరియంలో, అంటే క్షయ రోగుల ఆసుపత్రిలో, చేర్చారు. తర్వాత ఇరువైపుల కుటుంబాలనూ ఏళ్ళ తరబడి గమనించారు. ఇంట్లో మందులు మింగినవారి వల్ల కుటుంబానికి అదనంగా ముప్పేమీ రాలేదు. మదనపల్లె ఆరోగ్యవరంలోనో, అనంతగిరి కొండ మీదో ఉన్న శానిటోరియానికి పంపడమే దారి అనుకున్న కాలం అలా ముగిసింది. కొండలు ఖాళీ అయ్యాయి గానీ వంటింటి అర మీద తమరు అలాగే ఉండిపోయారు.

తమరి వంశం పాతదని తెలుసు. మన ఊళ్ళ టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడిపినవారు తమరి పెద్దలే కదా. వాళ్ళు ఆపిన రోగం ఏమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. తమరూ మనిషిని చూసి వడ్డిస్తారు. కొడుక్కొస్తే గ్లాసు మారుతుంది, కోడలికొస్తే ఊరే మారుతుంది: “కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి రామ్మా.” మెడ గడ్డల్లోనో వెన్నెముకలోనో వచ్చిన టీబీ సాధారణంగా ఎవరికీ అంటదు. ఆ రిపోర్టు చదివే తీరిక తమరికెక్కడ?

ఇంట్లోవాళ్ళ భయం అబద్ధం కాదు. అది తప్పు అడ్రసుకు చేరుతోందంతే. ఆ భయం చేయించాల్సిన పనులు వేరే ఉన్నాయి. ఒకే గాలి పీల్చినవాళ్ళందరినీ, పనిమనిషితో సహా, నాలుగు ప్రశ్నలడగాలి: దగ్గుందా, సాయంత్రం జ్వరమొస్తోందా, బరువు తగ్గిందా, రాత్రిళ్ళు చెమట పడుతోందా? పిల్లలైతే బరువు పెరగకపోవడం కూడా లెక్కే. ఒక్కదానికి అవునన్నా తెమడ పరీక్ష. ఒకటి అప్పటికప్పుడు, ఒకటి తెల్లారి లేవగానే, రెండు నమూనాలివ్వాలి. ఉమ్మి కాదు, లోపలి నుంచి దగ్గి తీసిన తెమడ. చాలా పరీక్షలు పాడయ్యేది ఇక్కడే: డబ్బాలో లాలాజలం పోసి “నెగటివ్ వచ్చింది” అని సంబరపడతారు. తెమడను పరీక్షించే ట్రూనాట్, సీబీనాట్ యంత్రాలు టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే క్రిమా కాదా అన్నదీ అదే రోజు చెప్పగలవు. ఆ కాగితం జాగ్రత్త, ఇంట్లోవాళ్ళకు ఏ ముందుజాగ్రత్త మందు ఇవ్వాలో దాన్ని బట్టే తేలుతుంది.

జబ్బు లేదని తేలితేనే ఆ మందు. ఐదేళ్ళలోపు పిల్లలకైతే సోకిందా లేదా అన్న పరీక్ష కోసం ఆగరు. వాళ్ళలో ఈ జబ్బు మెదడు పొరల దాకా పాకగలదు. పెద్దలకు చర్మ పరీక్షో రక్త పరీక్షో చేస్తారు. చర్మ పరీక్షకు సూది పొడిపించుకుని 48 నుంచి 72 గంటల్లో మళ్ళీ వెళ్ళి చూపించకపోతే పొడిచిందంతా వృథా. మొన్ననే గాలి పంచుకుని నిన్ననే పరీక్షకెళ్ళినా తప్పు జవాబే, సోకిన సంగతి బయటపడడానికి ఎనిమిది వారాల దాకా పట్టొచ్చు. పాజిటివ్ వచ్చిందంటే క్రిమి సోకిందనే, జబ్బొచ్చిందని కాదు. సోకినవారిలో నూటికి 5 నుంచి 10 మందికే జీవితంలో ఎప్పుడో జబ్బుగా మారుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి రెండేళ్ళలోనే. మందు ఐసోనియాజిడ్ రోజూ ఆరు నెలలు, లేదా రిఫాపెంటిన్ కలిపి వారానికొకసారి చొప్పున 12 మోతాదులు. లోపల జబ్బు ఉండగా ఒక్క ఐసోనియాజిడ్ మింగితే క్రిమి మొండికేస్తుంది, అందుకే పక్కింటివాళ్ళ మాత్రలు తెచ్చి మింగకూడదు.

కంచం గారితో కూడా ఒక మాట చెప్పండి. ఆమె ఎవరి కంచమన్నది కాదు, ఆమెలో ఏం పడుతోందన్నదే ముఖ్యం. ఝార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా చేసిన పరిశోధనలో రోగుల ఇంట్లోవాళ్ళకు తలకు రోజుకు 750 కేలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు అందేలా బియ్యం, కందిపప్పు, వాటితో పాటు విటమిన్ మాత్రలు ఇచ్చారు. అలా ఇవ్వని ఇళ్ళతో పోలిస్తే ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ వచ్చినవారు 39 శాతం తగ్గారు. కంచాన్ని వేరుపెట్టి ఎవరూ ఇంత సాధించలేదు. రోగి తిండికి ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తోంది. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకున్నా పేరు ప్రభుత్వ టీబీ నమోదు పోర్టల్ నిక్షయ్‌లో ఎక్కితే వర్తిస్తుంది. ఖాతా వివరాలివ్వక డబ్బు ఆగిపోయే ఇళ్ళు బోలెడు. ఆశా కార్యకర్త గుమ్మంలోకి వస్తే “వీధిలో వాళ్ళు చూస్తారు, వెళ్ళమ్మా” అని పంపేస్తే ఆగేది ఆమె కాదు, ఆ డబ్బూ పిల్లల మందులూ. సందేహాలుంటే ప్రభుత్వ టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666, ఫోను ఖర్చు లేదు.

తమరు ఎలాగూ రోగి గదికి వెళ్ళివస్తుంటారు కాబట్టి, రోగికి మొదటి వారాల్లో మాస్కు, తెమడకు మూత ఉన్న డబ్బా గుర్తు చేయండి. మూత్రం ఎర్రగా వస్తోందని మాత్రలు ఆపబోతే అది రిఫాంపిసిన్ రంగేనని చెప్పండి. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి.

ఇట్లు,
కిటికీ తెరవమని అడిగి అడిగి అలసిన ఓ శ్రేయోభిలాషి

తా.క.: నోటి దారిన వచ్చే క్షయ బొత్తిగా లేదనలేం. జబ్బున్న ఆవు పచ్చిపాలు తాగితే రావచ్చు, పాలు కాస్తే ఆ ముప్పు పోతుంది. అదీ తమరి శాఖ కాదు. పొయ్యి గారికి వేరే ఉత్తరం రాస్తున్నాం.