శిక్షకు గడువుంది, రికార్డుకు లేదు

2001లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో నలుగురు కాలేజీ కుర్రాళ్లు 350 చోట్ల ఉద్యోగాల కోసం తిరిగారు. ఇద్దరు తెల్లవాళ్లు ఒక జట్టు, ఇద్దరు నల్లజాతివాళ్లు మరో జట్టు. చదువు, అనుభవం, మాటతీరు అన్నీ దాదాపు ఒకటే. తేడా ఒక్కటే పెట్టారు. జట్టులో ఒకరు డ్రగ్స్ కేసులో 18 నెలలు జైల్లో ఉండి వచ్చినట్టు చెప్పాలి. ఆ నేర రికార్డు కల్పితం. పైగా దాన్ని ఇద్దరూ మార్చి మార్చి వాడుకున్నారు కాబట్టి, ఫలితాన్ని ఫలానా మనిషి తీరు మీదకు నెట్టే వీల్లేదు.

సామాజిక శాస్త్రవేత్త దేవా పేజర్ చేసిన ఆ పరిశోధన 2003లో అచ్చయింది. రికార్డు లేదన్న తెల్ల యువకుడికి 34 శాతం చోట్ల నుంచి మళ్లీ పిలుపొచ్చింది. ఉందని చెప్పినప్పుడు అది 17 శాతానికి పడిపోయింది. నల్లజాతి యువకుడికి 14 నుంచి 5కి తగ్గింది. అంటే ఏ తప్పూ చేయని నల్లజాతి కుర్రాడి కంటే, జైలుకెళ్లొచ్చానన్న తెల్ల కుర్రాడికే ఎక్కువ పిలుపులొచ్చాయి. ఇన్నేళ్లయినా ఈ లెక్క చదివిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది.

జడ్జి శిక్ష వేసేటప్పుడు ఎన్నేళ్లో చెబుతారు. విడుదల కాగితం మీద తేదీ ఉంటుంది. రికార్డుకు మాత్రం చాలా చోట్ల అలాంటి తేదీ లేదు. యజమానికి పాత కేసు గురించి తెలియాలా వద్దా అని మనం ఎప్పుడూ వాదించుకుంటాం. ఎన్నేళ్ల వరకు తెలియాలి అన్నదే అసలు ప్రశ్న అని నా నమ్మకం.

యజమాని భయాన్ని నేను కొట్టిపారేయడం లేదు. ఇతను మళ్లీ తప్పు చేస్తే, నా దగ్గర పనిచేసేవాళ్లకు ఏమైనా అయితే అన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కూడా ఉంది. నేరశాస్త్ర పరిశోధకులు ఆల్‌ఫ్రెడ్ బ్లమ్‌స్టీన్, కిమినోరి నకమురా 1980లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదటిసారి అరెస్టయినవాళ్ల రికార్డులను ఆ తర్వాత ఏళ్లలో ఏం జరిగిందో తెలిసేలా పరిశీలించారు. 18 ఏళ్ల వయసులో దోపిడీ కేసులో పట్టుబడిన మనిషి ఆ తర్వాత మళ్లీ ఏ కేసులోనూ ఇరుక్కోకుండా 7.7 ఏళ్లు గడిపితే, అతను మళ్లీ అరెస్టయ్యే అవకాశం అదే వయసున్న మామూలు జనంతో సమానమైపోయింది. ఇళ్లలో దొంగతనాల కేసుల్లో అయితే 3.8 ఏళ్లే పట్టింది. ఆ గీత దాటాక కూడా రికార్డు చూసి తిప్పి పంపుతున్నారంటే, అది జాగ్రత్త అనిపించుకోదు. కోర్టు వేయని శిక్షను యజమాని వేస్తున్నట్టే.

బ్రిటన్ ఈ సంగతిని 1974లోనే చట్టంలో రాసుకుంది. అక్కడ ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇప్పటి నిబంధనల ప్రకారం, ఏడాది లోపు జైలు శిక్ష పడినవాళ్లు శిక్షాకాలం ముగిశాక మరో ఏడాది మళ్లీ ఏ నేరమూ చేయకపోతే, మామూలు ఉద్యోగాలకు ఆ సంగతి చెప్పనక్కర్లేదు. ఏడాది నుంచి నాలుగేళ్ల శిక్షకు ఆ గడువు నాలుగేళ్లు. అంతకు మించిన శిక్షకు ఏడేళ్లు. తీవ్రమైన హింస, లైంగిక నేరాలు, ఉగ్రవాదం ఈ చివరి సడలింపులోకి రావు. పిల్లలతో చేసే పనుల్లాంటి వాటికి వేరే నియమాలున్నాయి. అలా ఉండటమే సరైనది.

అమెరికాలో వేరే దారి పట్టారు. దరఖాస్తులో 'మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా' అని అడిగే గడినే తీసేయాలన్నారు. 1998లో హవాయి ఆ పని చేసింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఉద్దేశం మంచిదే. కానీ న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూయార్క్ నగరంలో పరిశోధకులు అమాండా ఏగన్, సోంజా స్టార్ దాదాపు 15,000 కల్పిత దరఖాస్తులు పంపి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. గడి ఉన్న కంపెనీల్లో అది తీసేయక ముందు తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ పిలుపుల్లో ఉన్న తేడా 7 శాతం. తీసేశాక అది 43 శాతానికి పెరిగింది. అడగడానికి వీల్లేకపోయేసరికి, యజమానులు పేరు చూసి జాతిని, జాతిని బట్టి నేర చరిత్రను ఊహించుకోవడం మొదలుపెట్టారన్నమాట. అనుమానాన్ని అలాగే ఉంచి ప్రశ్నను మాత్రమే తీసేస్తే ఆ భారం ఏ కేసూ లేనివాడి మీద పడుతుంది. అందుకే నేను దాచడం కంటే గడువు పెట్టడాన్నే సమర్థిస్తాను.

పని ఇచ్చి చూసినవాళ్ల అనుభవం ఏమిటి? బ్రిటన్‌లో చెప్పులు బాగుచేసే, తాళంచెవులు చేసే టింప్సన్ సంస్థలో దాదాపు ప్రతి పదిమందిలో ఒకరు జైలు నుంచి వచ్చినవారే. ఆ సంస్థను నడిపిన జేమ్స్ టింప్సన్ 2024లో ఆ దేశానికి జైళ్ల మంత్రి అయ్యారు. తాళాలు చేసే పనిని అలాంటివాళ్ల చేతికి అప్పగించడం చిన్న విషయం కాదు.

కాలిఫోర్నియా కథ మాత్రం నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. అక్కడ ఖైదీలు శిక్షణ తీసుకుని దశాబ్దాలుగా అడవి మంటలు ఆర్పుతున్నారు. ప్రాణాలకు తెగించి చేసే పని అది. విడుదలయ్యాక అదే పనికి వెళ్దామంటే, చాలా ఫైర్ డిపార్ట్‌మెంట్లు అత్యవసర వైద్య సహాయకుడి సర్టిఫికెట్ అడుగుతాయి. పాత నేరం ఉందని ఆ సర్టిఫికెట్ దగ్గరే దారి మూసుకుపోయేది. 2020 సెప్టెంబరులో చట్టం మార్చి, అలా పనిచేసినవాళ్లు రికార్డు కొట్టేయమని కోర్టును అడగవచ్చన్నారు. అయితే ఎవరికి వారు అర్జీ పెట్టుకోవాలి, జడ్జి ఒప్పుకోవాలి. చేతిలో డబ్బు లేకుండా బయటికొచ్చిన మనిషికి లాయరు, కాగితాలు, కోర్టు వాయిదాలు ఎంత భారమో వేరే చెప్పాలా? పెన్సిల్వేనియా 2018లో చేసిన చట్టంలో కొన్ని చిన్న నేరాల రికార్డులు గడువు తీరాక ఎవరూ అడగకుండానే, కంప్యూటర్ ద్వారా వాటంతట అవే మూతపడతాయి. ఆ పద్ధతిని ఇంకా పెద్ద కేసులకూ విస్తరించాలి. మధ్యలో మళ్లీ తప్పు చేయకపోతే రికార్డు ఏ రోజున మూతపడుతుందో, ఆ తేదీని విడుదల కాగితం మీదే రాసి చేతికివ్వాలి.