సవరణ: ఆ 13,044 అంకె గురించి

2022లో పరీక్షల టెన్షన్ వల్ల 13,044 మంది యూనివర్సిటీ విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక మళ్లీ చూశాను. ఆ లెక్కలో బడిపిల్లలు, ఇంటర్ వాళ్లు కూడా ఉన్నారు. పరీక్ష తప్పడమే కారణమని నమోదైనవి 2,248. రెండు అంకెలను కలిపేసింది నేనే.

ఈ తేడా చిన్నది కాదు. పరీక్షలే కారణమనుకుంటే, మార్కులు బాగానే వస్తున్నాయి కదా అని పక్కవాళ్లను పట్టించుకోం. మెస్‌కు రావడం మానేసి, మధ్యాహ్నం దాకా దుప్పటి తీయని రూమ్‌మేట్‌కు ఉన్నది ఇంటి అప్పుల బెంగ కావచ్చు. ఒక్కసారి కూర్చుని అడగండి. మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.