నాన్న గల్ఫ్‌లో, పిల్లల వెంట అమ్మ ఒక్కతే

దుబాయిలో రాత్రి ఎనిమిదైతే మనకు తొమ్మిదిన్నర. సౌదీ, కువైట్‌లలో ఎనిమిదైతే మనకు పదిన్నర. డ్యూటీ దిగి, స్నానం చేసి, వంట చేసుకుని తండ్రి ఫోన్ చేసే వేళకు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో పిల్లలు నిద్రపోయి ఉంటారు. దుబాయి నుంచి వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి బోటిమ్‌లోనో, అక్కడ అనుమతి ఉన్న మరో యాప్‌లోనో చేస్తాడు. "లేపకు, పడుకోనీ" అంటాడు. తల్లి ఫోన్‌ను పిల్లాడి ముఖం మీదికి తిప్పి చూపిస్తుంది. సౌదీలో సెలవు శుక్రవారం, ఆ రోజు ఇక్కడ బడి ఉంటుంది.

ఇలాంటి ఇళ్లలో రెండేళ్ల బిడ్డ తండ్రిని మొదటిసారి చూసేది అతను సెలవు మీద వచ్చినప్పుడే. చూసి ఏడుస్తుంది, తల్లి కొంగు వదలదు. అలవాటయ్యేలోపే సెలవు అయిపోతుంది.

గల్ఫ్ గురించి మనం చాలా రాశాం. ఏజెంట్ల మోసాలు, జీతాల ఎగవేత, పెట్టెలో వచ్చిన శవాలు. అవన్నీ రాయాల్సినవే. కానీ అతను క్షేమంగా పనిచేసుకుంటున్న రోజుల్లో ఇక్కడ ఇద్దరు చిన్నపిల్లలతో ఒక్కతే ఉన్న మనిషి ఎలా బతుకుతోందన్నది మన చర్చలోకే రాదు. నెలనెలా పైసలు వస్తున్నాయి కదా, ఇంకేం లోటు అనుకుంటాం.

ఆ పైసల సంగతే చూద్దాం. అప్పు చేసి వెళ్లినవాడి మొదటి జీతాలు చాలా ఇళ్లలో మిత్తికే పోతాయి. మిగిలినవి ఒక్కోసారి మామ ఖాతాలోనో మరిది ఖాతాలోనో పడతాయి. పాల ప్యాకెట్‌కు, డాక్టర్ ఫీజుకు ఆమె మళ్లీ వాళ్లనే అడగాలి. అందుకే బీడీల చాట ఒళ్లోకి వస్తుంది. ఒక పక్క తునికాకు కత్తిరిస్తూ, ఇంకో పక్క పాకే బిడ్డ చేయి తంబాకులో పడకుండా చూసుకోవాలి. 1966 నాటి బీడీ కార్మికుల చట్టంలో శిశు సంరక్షణ గదుల మాట ఉండేది. కానీ అది పని జరిగే ఆవరణలకు వర్తించేది. ఇంటి అరుగు మీద బీడీలు చుట్టే తల్లికి దానితో ఒరిగిందేమీ లేదు.

అన్నిటికన్నా కష్టం రాత్రిపూట జ్వరం. పెద్దదాన్ని ఎవరి దగ్గర పడుకోబెట్టాలి? బండి ఎవరిని తీయమనాలి? పక్కింటి మగమనిషి బండెక్కితే తెల్లారి ఊళ్లో నాలుగు మాటలు. ఆ భయంతో పొద్దుటిదాకా తడిబట్ట వేస్తూ కూర్చునే తల్లులున్నారు. ఈ టెన్షన్ ఆమె ఫోన్‌లో చెప్పదు. చెప్తే అక్కడ అతను నిద్రపోడని.

మరి ప్రభుత్వాలకు ఈ ఇల్లు ఎప్పుడు కనబడుతుంది? ఇసిఆర్ పాస్‌పోర్టుతో, అంటే గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టుతో వెళ్లే కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. అందులో భార్యకు, ఇద్దరు పిల్లలకు ఏడాదికి 50 వేల దాకా ఆసుపత్రి ఖర్చు ఇస్తారు. అయితే కార్మికుడు చనిపోతేనో, శాశ్వతంగా వికలాంగుడైతేనో మాత్రమే. తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల సాయం కూడా గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకే. 2017లో మొదలైన ఒంటరి మహిళల భృతి భర్త వదిలేసినవారికి, విడిపోయినవారికి, వయసు మీదపడినా పెళ్లికానివారికి. ఈమె ఒంటరిగా ఉంటోంది, కాగితం మీద ఒంటరి కాదు. ఆ పథకాలను నేను తప్పుపట్టడం లేదు. మనిషి పోయాక వచ్చే సాయంలో కొంతైనా, అతను బతికి కష్టపడుతున్నప్పుడు అతని పిల్లల దాకా చేరాలంటున్నాను.

చేయాల్సింది కూడా పెద్దదేమీ కాదు. అంగన్‌వాడీలో బడి మూడేళ్లు నిండిన పిల్లలకు. అంతకన్నా చిన్నవాళ్లకు బాలామృతం ప్యాకెట్ ఇచ్చి పంపుతారు. నిజానికి తల్లికి ఊపిరాడనిది ఆ మూడేళ్లలోనే. కేంద్రం 2022లో తెచ్చిన 'పాల్నా' పథకంలో అంగన్‌వాడీలకే శిశు సంరక్షణ కేంద్రాలు కలపొచ్చు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లల్ని నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు చూసుకోవాలన్నది దాని నియమం. వాటిని ముందుగా గల్ఫ్ వలస ఎక్కువున్న మండలాల్లో పెట్టాలి. ఆయాకు సరైన జీతం ఇవ్వాలి, లేకపోతే ఇంకో ఆడమనిషి మీద భారం వేసినట్టే అవుతుంది.

ఎవరింటి మనిషి గల్ఫ్‌లో ఉన్నాడో, ఏ తల్లి ఒక్కతే పిల్లల్ని సాకుతోందో ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంది. ముందు ఆమెనే అడగండి.