జాతిహననం అనడానికి జంకెందుకు?

1994 జూన్ 10. రువాండాలో టుట్సీ తెగవాళ్ల ఊచకోత మొదలై రెండు నెలలు దాటింది. అమెరికా విదేశాంగ శాఖ ప్రతినిధి విలేకరుల ముందు ‘జాతిహననం’ (జెనోసైడ్) అనలేదు, ‘జాతిహనన చర్యలు’ జరిగాయన్నారు. అలాంటి చర్యలు ఎన్ని జరిగితే జాతిహననం అవుతుందని ఓ విలేకరి అడిగాడు. దానికి జవాబు చెప్పే స్థితిలో తాను లేనన్నారామె. మొత్తం వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది చనిపోయారు.

ఆ మాట అనేస్తే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని వాళ్ల టెన్షన్. నిజానికి అంత భయం కూడా అక్కర్లేదు. 2004లో సూడాన్‌లోని డార్ఫర్ విషయంలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఆ మాట అననే అన్నారు. దానివల్ల కొత్తగా చేయాల్సిందేమీ లేదని కూడా అప్పుడే చెప్పేశారు!

తెలుగులో నరమేధం, మారణహోమం, ఊచకోత ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. చట్టంలో అలా కుదరదు. 1948 నాటి ఐరాస జాతిహనన ఒప్పందం ప్రకారం ఇది శవాల లెక్క కాదు. జాతీయత, తెగ, వర్ణం, మతం, ఈ నాలుగింటిలో ఏదో ఒకదాన్నిబట్టి ఏర్పడ్డ సమూహాన్ని పూర్తిగానో కొంతో నాశనం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. ఆ ఉద్దేశంతో పిల్లల్ని లాక్కుని మరో సమూహానికి అప్పగించినా జాతిహననమే. రాజకీయ సమూహాలు 1946 ఐరాస తీర్మానంలో ఉన్నాయి, ఒప్పందంలోకి వచ్చేసరికి ఎగిరిపోయాయి. సోవియట్ యూనియన్‌తో పాటు మరికొన్ని దేశాలు ఒప్పుకోలేదు.

దీని ఫలితం కంబోడియాలో కనిపిస్తుంది. కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ పాలనలో సుమారు 17 లక్షల మంది పోయారని అంచనా. వాళ్లలో ఎక్కువమంది పాలకుల్లాగే ఖ్మేర్ జాతివాళ్లే. ఆ నేరాల మీద ప్రత్యేక కోర్టు 2018లో ఇచ్చిన తీర్పులో మాత్రం జాతిహననం కిందికి వచ్చింది వియత్నామీయులు, చామ్ ముస్లింల మీద జరిగిన నేరాలే. మిగతావి ‘మానవాళిపై నేరాలు’. అది చిన్న నేరమేమీ కాదు. అయినా రెండో రకం సరుకులా చూడటం మనకు అలవాటైపోయింది.

అసలు చిక్కు ఉద్దేశం దగ్గరే. ఘటనల తీరును బట్టి చూస్తే జాతిహనన ఉద్దేశం తప్ప మరో సహేతుకమైన అర్థం తీయడానికి వీల్లేకుండా ఉండాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2015లో చెప్పింది. యుద్ధంలో ‘భద్రత కోసం’ అనే రెండో కారణం ఎవరికైనా దొరుకుతుంది. మయన్మార్ మీద నడుస్తున్న రోహింగ్యా ముస్లింల కేసులో జర్మనీ, బ్రిటన్, ఫ్రాన్స్ లాంటి దేశాలు 2023లో ఈ కొలబద్దను మరీ బిగించొద్దని వాదించాయి. రెండు నెలలు తిరక్కుండానే, గాజా విషయంలో ఇజ్రాయెల్ మీద దక్షిణాఫ్రికా వేసిన కేసులో జాతిహనన ఆరోపణకు ఆధారమే లేదని జర్మనీ తేల్చేసింది. నిర్వచనాన్ని వదులు చేయమని నేననను. మిత్రుడికో కొలత, శత్రువుకో కొలత వద్దంటాను.

తీర్పు వచ్చేదాకా ఆగాలనే వాదనా చెల్లదు. తీవ్రమైన ముప్పు ఉందని తెలిసిన క్షణం నుంచే అడ్డుకునే బాధ్యత మొదలవుతుందని, సెర్బియా ఆ బాధ్యత తప్పిందని అదే న్యాయస్థానం 2007లో చెప్పింది. అప్పటికి బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో బోస్నియా సెర్బు సైన్యం దాదాపు 8 వేల మంది ముస్లింలను చంపేసి పదకొండేళ్లు దాటింది.